నీళ్లు తగ్గితే దారి తేలికవుతుందా?

అమెరికాలో కొలరాడో నది మీద ఉన్న లేక్ పావెల్ రిజర్వాయర్‌లో నీళ్లు తగ్గి, గ్లెన్ క్యాన్యన్‌లో మునిగిపోయిన లోయలు మళ్లీ తెరుచుకున్నాయని మీరు రాశారు. నిజమే, సంతోషమే. సముద్రమట్టానికి 3,700 అడుగుల ఎత్తుదాకా నిండే రిజర్వాయర్ 2023లో 3,520 అడుగుల దగ్గరికి పడిపోయింది. కానీ ఇరుకు లోయల్లోకి తాళ్లతో దిగే మాలాంటి వాళ్లకు అసలు టెన్షన్ లోయ చివర్లోనే. ఇంతకుముందు నీళ్లు అక్కడిదాకా ఉండేవి, గాలి పడవ ఊదుకుని తెడ్డు వేసుకుంటూ బయటపడేవాళ్లం. ఇప్పుడు అక్కడ ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రు. పైన ఎండి, పెచ్చులు లేచి గట్టినేలలా కనిపిస్తుంది. అడుగు వేస్తే మోకాలిదాకా దిగిపోతుంది. మాలో ఒకరి కాలు బయటికి లాగడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

అందుకే, రూట్ గురించి రాసినప్పుడు ఏ తేదీన వెళ్లారో, ఆరోజు మట్టం ఎంతో కూడా దయచేసి రాయండి. నిరుటి వివరాలు నమ్ముకుని వెళ్తే ఇరుక్కుపోతారు.

ఇక ఏ డ్యామ్‌కైనా దిగువన నదిలో దిగేవాళ్లయితే నీళ్లు వదిలే వేళలు తెలుసుకోకుండా అడుగు పెట్టకూడదు. 2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో మన హైదరాబాద్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయింది లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలినప్పుడే. రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న పిల్లలు. ఆ వీడియో ఇప్పటికీ నేను పూర్తిగా చూడలేను.