కిక్కు కొడితే కదిలేది వీధి

అపార్ట్‌మెంట్ మీటింగులకు కోరం ఉండటం లేదని అసోసియేషన్ సెక్రటరీలు, గ్రామసభలకు జనం రావటం లేదని అధికారులు తెగ బాధపడుతుంటారు. పాత మోటారు సైకిలు ఒకటి తెచ్చి వీధి మధ్య సెంటర్ స్టాండు వేసి వరసగా పది కిక్కులు కొట్టి చూడమనండి. అది స్టార్ట్ కాకూడదు, అదొక్కటే షరతు. పదకొండో కిక్కుకు కోరం నిండుతుంది.

నా బండికి ఇరవై నాలుగేళ్లు. 100 సీసీ, ఫోర్ స్ట్రోకు. కంపెనీ పేరు ఎందుకులెండి, దాని తప్పేం లేదు. పదిహేనేళ్లు నిండగానే రవాణా శాఖ వారు ఒకసారి చూసి మరో ఐదేళ్లు తిరగొచ్చని కాగితం ఇచ్చారు. అవీ అయ్యాక ఇంకో ఐదేళ్లు. నా ఆరోగ్యం గురించి ఏ డాక్టరూ ఇంత ధైర్యంగా సంతకం పెట్టలేదు.

వానల్లో నెల రోజులు అమ్మాయి దగ్గర హైదరాబాదులో ఉండి బెజవాడ వచ్చాను. బండి ఆ నెలంతా వేపచెట్టు కింద తడిసింది. ఆదివారం పొద్దున్నే రైతు బజారుకు వెళ్దామని తీశాను. చోక్ లాగాను, కిక్కు కొట్టాను. దగ్గింది. మళ్లీ కొట్టాను. ఈసారి దగ్గనైనా దగ్గలేదు.

ముందుగా దయచేసింది ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టారు, మడిచిన పేపరుతో సహా. "ప్లగ్గండీ," అన్నారు, బండి వంకైనా చూడకుండా. ఎప్పుడో ఆయన స్కూటరు భార్యాపిల్లలతో సహా ప్రకాశం బ్యారేజీ మీద ఆగిపోయిందట. ప్లగ్గు మారిస్తే కదిలిందట. ఆనాటి నుంచి లోకంలో ఏ యంత్రం ఆగినా ఆయనకు ప్లగ్గే. ఆ మధ్య మా మిక్సీ తిరగకపోతే కూడా ప్లగ్గే అన్నారు. అది మాత్రం నిజం. స్విచ్ బోర్డులో పెట్టలేదు.

పక్కింటి బాబాయి ఒకప్పుడు బుల్లెట్ నడిపిన మనిషి. 100 సీసీ బండిని ఆయన చూసే చూపు, పెళ్లి భోజనాల దగ్గర ఉప్మా వడ్డిస్తే చూసే చూపు. "కిక్కు అట్లా కాదురా కొట్టేది. అమ్మీటరు ముల్లు మధ్యలోకి రావాలి. డీకంప్రెషన్ లివరు నొక్కాలి. అప్పుడు ఒక్క కిక్కు, అంతే." నా బండికి అమ్మీటరు లేదు బాబాయ్, ఆ లివరూ లేదు అన్నాను. వంగి రెండు వైపులా వెతికి, "మరి అదే ప్రాబ్లం," అన్నాడు.

వీధి చివరి నుంచి ఆర్ఎక్స్ 100 భక్తుడు వచ్చాడు. ఆ టూ స్ట్రోకు బండి మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. ఈయన మాత్రం ఇంకా సంతాప దినాల్లోనే ఉన్నాడు. రిపేరు గురించి ఒక్క మాటా చెప్పలేదు. "టూ స్ట్రోకయితే ఈ పాటికి బజారు చేరేవాళ్లు," అని నిట్టూర్చి ఊరుకున్నాడు. మూడో అంతస్తు కుర్రాడు, "ఈవీ తీసుకోండి అంకుల్," అన్నాడు. అతని కరెంటు స్కూటరుకు ఆ పొద్దున ఏదో అప్‌డేట్ జరుగుతోంది. అందుకే మాతో మాట్లాడే తీరిక దొరికింది.

ఆకుకూరలమ్మ గంప దించి, "పెట్రోలుందా సార్?" అంది. అందరూ నవ్వారు. నేను మూత తీసి చూశాను. ఉంది. "ఎన్నాళ్ల నుంచి నిలవుంది?" అంది. దానికి నవ్వను కూడా లేదు ఎవరూ.

గమనించారా? అక్కడున్న వారెవరూ నా బండికి వైద్యం చెయ్యలేదు. ఎవరికి వారు తమ బండికి ఒకప్పుడు వచ్చిన రోగాన్నే తెచ్చి నా బండికి అంటించారు. ఆకుకూరలమ్మ కూడా అంతే. ఆమె వ్యాపారంలో ఉన్న రోగం ఒకటే, నిలవ.

నిజానికి ఇంజనుకు కావలసినవి మూడే. గాలితో కలిసిన పెట్రోలు, దాన్ని నొక్కి పట్టే కంప్రెషన్, వేళకు ఒక నిప్పురవ్వ. ఆ రవ్వ పుట్టించే ప్లగ్గు ఊడదీసి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఎండిపోయి ఉంటే పెట్రోలు అందడం లేదు. తడిసి ఉంటే అందుతోంది గానీ అంటుకోవడం లేదు. ఆ ప్లగ్గునే మళ్లీ క్యాపుకు తగిలించి, దాని ఇనుప ఒంటిని ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నీలం రవ్వ కనబడాలి. మొత్తం ఐదు నిమిషాల పని. సరిగ్గా అందుకే మా వీధి దాన్ని వ్యతిరేకిస్తుంది. ఐదు నిమిషాల్లో సభ ముగిస్తే ఆదివారం పొద్దంతా ఏం చెయ్యాలి?

అసలు 2020 ఏప్రిల్‌లో పొగ తగ్గించే బీఎస్-6 నిబంధనలు వచ్చినప్పుడే ఈ సంస్కృతికి దెబ్బ తగిలింది. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. లోపముంటే మీటరు మీద పసుపు దీపం వెలుగుతుంది, షోరూములో వైరు పెట్టి చదివేస్తారు. ఆ దీపం వెలిగితే వీధి ఆరిపోతుంది. పాత బండ్లను తుక్కు చేసేముందు ప్రభుత్వం ఈ కోణం కూడా ఆలోచించాలని మనవి. కనీసం వీధికొకటి, స్టార్ట్ కాని స్థితిలో, ప్రభుత్వ ఖర్చుతో భద్రపరచాలి.

సెకండ్ గేరులో వేసి రెండుసార్లు తోశాక, బాబాయికి నడుం పట్టేశాక, మలుపులోని మెకానిక్ కుర్రాడు వచ్చాడు. ప్లగ్గు స్పానరు, స్క్రూడ్రైవరు, ఇంతే సామాను. సభను పలకరించలేదు. ప్లగ్గు తీశాడు, తడిగా ఉంది. వాసన చూశాడు. "పెట్రోలు వాసన రావట్లేదు సార్."

కార్బొరేటర్ అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేసి, వచ్చిందంతా టీ గ్లాసులో పట్టి పైకెత్తి చూపించాడు. పైన పెట్రోలు, కింద నీళ్లు, మధ్య గీత గీసినట్టు. ట్యాంకు మూత రబ్బరు బీటలు వారి వాన దిగిందట. దానికి తోడు ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. దానికి నీరంటే ప్రాణం, దొరికినంత తాగుతుంది. మోతాదు మించితే మాత్రం పెట్రోలును వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కు దిగిపోతుంది. కార్బొరేటర్ పీల్చేది ఆ అడుగునే.

కుర్రాడు తేల్చాడు: "కార్పొరేటర్లో నీళ్లు."

ఆ మాట మా వాళ్లంతా అలాగే పలుకుతారు. నేను దిద్దను, దిద్దాల్సిన అవసరమూ లేదు. రెండూ బాగున్నంత కాలం ఎక్కడున్నాయో తెలియదు, చెడితేనే వెతుకుతాం. అయినా మా వీధిలో నీళ్లు నిలిస్తే కార్పొరేటర్‌కు చెప్పుకునేవాళ్లం. కార్పొరేటర్లోనే నిలిస్తే ఎవరికి చెప్పుకోవాలి?

ట్యాంకు ఖాళీ చేసి, సీసాలో తెచ్చిన కొత్త పెట్రోలు పోసి, ప్లగ్గు తుడిచి బిగించాడు. మూడో కిక్కుకు అందుకుంది. వంద రూపాయలు తీసుకుని వెళ్లిపోయాడు.

"ప్లగ్గు తియ్యగానే బయటపడింది, చూశారా?" అన్నారు మాస్టారు. "కుర్రాడి కిక్కు చూశావా? అట్లా కొట్టాలి," అన్నాడు బాబాయి. అసలు పెట్రోలే లేకపోతే ఈ గొడవుండదు కదా అన్నాడు మూడో అంతస్తు. ఆకుకూరలమ్మ ఎప్పుడో పక్క వీధికి వెళ్లిపోయింది.

బండి చక్కగా నడుస్తుంటే చూసేందుకేముంది? ఒక్కొక్కరే దిగాలుగా ఇంటి ముఖం పట్టారు. గేటు దాకా వెళ్లిన మాస్టారు మాత్రం ఆగి, తల పక్కకు వాల్చి చెవి ఒగ్గారు.

"ఏమండీ, అది ట్యాపెట్ సౌండ్ కదూ?"

బాబాయి వెనక్కి తిరిగాడు. ఆర్ఎక్స్ భక్తుడు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చేస్తున్నాడు. నేను బండి ఆపి, మళ్లీ సెంటర్ స్టాండు వేసి, ఐదు టీలు పెట్టమని లోపలికి కేకేశాను.