ఆ బంగళాకి లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా?

మా నాన్నగారు రెవెన్యూ శాఖలో 34 ఏళ్లు చేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. ఇప్పుడు ఇంగ్లండు కేసులు చూస్తున్నారు. కోర్టులో కాదు, టీవీలో. రాత్రి భోజనాలై, అమ్మ వక్కపొడి డబ్బా మూత తీసిందంటే, కాకినాడలో మా హాల్లో ఒక తెల్లవాడి శవం పడటానికి అయిదు నిమిషాలుందని లెక్క.

దీనికంతటికీ కారణం ఇంగ్లండులో రెడింగ్‌లో ఉండే మా చెల్లెలు. మూడేళ్ల కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు, "మన సీరియళ్లు చూస్తే బీపీ పెరుగుతుంది నాన్నగారూ, ఇవైతే ప్రశాంతంగా ఉంటాయి" అని ఓటీటీ పెట్టించి, సబ్‌టైటిళ్లు ఆన్ చేసి వెళ్లింది. ప్రశాంతంగా ఉంటాయన్న మాట నిజమే. మొదటి వారంలోనే ఆయన పదకొండు హత్యలు చూశారు. బీపీ 130 దాటలేదు.

ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన సంగతి కాదు. మన సీరియల్లో అత్తగారు కోడలి కాఫీలో ఉప్పు కలిపితే ఆకాశంలో మూడు పిడుగులు పడతాయి, ఇంట్లో అందరి మొహాలూ తలా మూడుసార్లు చూపిస్తారు, మనకి గుండెదడ. 'మిడ్‌సమర్ మర్డర్స్'లో ఒకావిడని బండిచక్రమంత చీజ్ దిమ్మ కింద నలిపి చంపారు. ఇంకో పెద్దమనిషిని పచ్చిక మీద కట్టిపడేసి, పాతకాలపు యుద్ధయంత్రం లాంటి దాంతో వైన్ సీసాలు విసిరి చంపారు. రెండుసార్లూ ఎవరి కప్పులోనూ టీ ఒలకలేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి, టోపీ ఉన్నవాళ్ల టోపీని మెచ్చుకుని, పూలతోటలో కూర్చుని, నాలుగు మాటలడిగి వెళ్లిపోతాడు. లాకప్పు లేదు, లాఠీ లేదు, పంచనామాకి పెద్దమనుషుల కోసం ఊరంతా వెతుకులాట లేదు. వకీలు కావాలని ఎవడూ అడగడు. అడిగినదానికీ అడగనిదానికీ సమాధానాలు చెప్పి, పోతూ పోతూ కేకు పెడతారు.

1997లో మొదలైన సీరియల్ ఇది. పాతికేళ్లు దాటినా ఆ పల్లెల్లో చంపడానికి ఇంకా జనం మిగిలి ఉండటం నన్నడిగితే ఇంగ్లండు సాధించిన విజయాల్లో పెద్దది. పూల పోటీ పెడితే హత్య, క్రికెట్ ఆడితే హత్య, చర్చి గంటలు కొట్టే పోటీ పెడితే వరసగా హత్యలు. మా అమ్మ అయితే ఎవరి పిల్లకి ఇంగ్లండు సంబంధం వచ్చిందన్నా ముందు అడిగేది ఒకటే: "సిటీలోనా, పల్లెటూళ్లోనా?"

2011లో హీరో ఇన్‌స్పెక్టర్ బార్నబీ రిటైరయ్యాడు. ఆ కుర్చీలోకి వచ్చింది ఇంకో బార్నబీ, కజిన్ అన్నారు. మేనత్త కొడుకో మేనమామ కొడుకో అయితే ఇంటిపేరు కలిసే అవకాశం తక్కువ కాబట్టి, వచ్చినవాడు దాయాదేనని నాన్నగారు అక్కడికక్కడే నిర్ధారించారు. ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. మా తాతగారు కరణం. వంశపారంపర్యంగా వచ్చే కరణీకాలూ మునసబు ఉద్యోగాలూ 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో ఎత్తేసింది. "మనవి ఊడబీకారు, అక్కడ మాత్రం పోలీసు ఉద్యోగం అన్న తర్వాత తమ్ముడికి!" అని అమ్మ అంటే, ఆయన గొంతు సవరించుకుని, "ఎపిసోడ్ చూడనీ" అన్నారు.

ఆక్స్‌ఫర్డ్ సంగతి ఇంకా ఘోరం. 'ఇన్‌స్పెక్టర్ మోర్స్' 33 ఎపిసోడ్లు, ఆయన దగ్గర సార్జంటుగా చేసిన లూయిస్ పేరుతో ఇంకో 33, మోర్స్ కుర్రతనం మీద 'ఎండెవర్' అని 36. 1987 నుంచి 2023 దాకా మొత్తం 102. ఎక్కువ భాగం ప్రొఫెసర్ల చావులే. మోర్స్ ఎర్ర జాగ్వార్ కారులో తిరుగుతాడు, క్రాస్‌వర్డ్ పూరిస్తాడు, సంగీతం వింటాడు, బీరు తాగుతాడు. బిల్లు మాత్రం తరచుగా పాపం ఆ లూయిసే కడతాడు. "పిల్లలున్నవాడు, జీతమా తక్కువ" అని అమ్మ బాధ. మా మేనల్లుడు పెద్దయ్యాక ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతానన్నాడట. వద్దని అమ్మ వీడియో కాల్ చేసి మరీ చెప్పింది.

అగాథా క్రిస్టీ కథల్లోని డిటెక్టివ్ పొయిరో గురించి ఒక్క మాటే చెబుతాను. డేవిడ్ సూషే 1989 నుంచి 2013 వరకు 70 ఎపిసోడ్లు చేశాడు. చాలావాటి చివర్లో ముద్దాయిలందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి తీర్పు చెబుతాడు. నాన్నగారికి ఆ మనిషి మేధస్సు మీద గౌరవమే, కానీ ఆ సీను మాత్రం నమ్మరు. ఎనిమిది మంది పార్టీలు ఒకే పేషీకి ఒకేసారి హాజరవడం తన సర్వీసులో చూడలేదంటారు. ఒకడు రాకపోతే వాయిదా. వచ్చినవాడు కాగితం మర్చిపోతే ఇంకో వాయిదా.

అసలు గొడవ 'డౌన్టన్ ఆబీ' దగ్గర మొదలైంది.

1912 ఏప్రిల్. టైటానిక్ మునిగింది. ఎస్టేటుకి వారసులు ఇద్దరూ అందులో పోయారు. దొరగారికి ముగ్గురూ ఆడపిల్లలే, ఎస్టేటు మగవాడికే పోవాలి. దొరసాని అమెరికా నుంచి తెచ్చుకున్న డబ్బు కూడా అదే ఎస్టేటులో కలిసిపోయింది. నాన్నగారు కుర్చీలోంచి ముందుకి వంగారు. "ఒరేయ్, ఇది మన పిఠాపురం కేసురా!" అని బొమ్మ ఆపించారు. భాగాలకి లొంగని ఎస్టేట్లు, 1904 నాటి మద్రాసు చట్టం, లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పిఠాపురం జమీందారీ వ్యాజ్యం, అన్నీ వరసగా వచ్చాయి. నలభై నిమిషాలు పట్టింది. టైటానిక్ మునగడానికి పట్టిన టైములో అది నాలుగో వంతు.

మళ్లీ బొమ్మ నడిచింది. పొద్దున్నే నౌకరు దినపత్రికని ఇస్త్రీ చేస్తున్నాడు. సిరా దొరగారి చేతికి అంటకూడదట. అమ్మ అది చూసి, "మీ మావయ్యగారు చూస్తున్నారు, రేపటి నుంచి నీకో పని పెరిగింది" అంది నా భార్యతో. నాన్నగారు నవ్వలేదు. ఆయన వేరే ఆలోచనలో ఉన్నారు.

"ఈయన ఉద్యోగం ఏంటి?"

"ఉద్యోగం లేదు నాన్నగారూ. ఎర్ల్. అదో బిరుదు."

"మరి ఆదాయం?"

"ఎస్టేటు."

"ఎస్టేటు ఎలా వచ్చింది?"

"వాళ్ల నాన్నది."

"వాళ్ల నాన్నకి?"

నా దగ్గర జవాబు లేదు. సీరియల్ దగ్గరా లేదు. ఆరు సీజన్లు, 52 ఎపిసోడ్లు అయ్యేసరికి ఆ ఇంట్లో ఎవరు ఎవరిని ప్రేమించారో, టర్కీ కుర్రాడు ఎవరి పక్క మీద చచ్చిపోయాడో, వంటగది పిల్ల డైసీ తెల్లారకముందే లేచి ఎన్ని పొయ్యిలు వెలిగించిందో మాకు తెలుసు. ఇంత ఇల్లు కట్టడానికి మొదటి రూపాయి, సరే, మొదటి పౌండు, ఎక్కడిదో మాత్రం తెలియలేదు. పెద్ద దొరసాని ఒకచోట, "వీకెండ్ అంటే ఏమిటి?" అని అడుగుతుంది. ప్రపంచమంతా నవ్విన డైలాగు అది. ఆ ఇంట్లో వీకెండ్ అంటే తెలియనివాళ్లు ఇద్దరు: ఎప్పుడూ పని చెయ్యని ఆవిడ, ఎప్పుడూ పని మానని డైసీ.

అప్పటి నుంచి మా ఇంట్లో డిటెక్టివ్ సీరియళ్లు చూసే పద్ధతి మారిపోయింది. లైబ్రరీలో దొరని పొడిచింది ఎవరో అందరూ వెతుకుతారు. ఆ లైబ్రరీ ఎవరి సొమ్ముతో కట్టారో వెతికేవాడు నాన్నగారొక్కరే. గోడ మీద పులి తల కనబడితే, పక్కనే ఇండియాలో పనిచేసి వచ్చిన ముసలి కల్నల్ ఒకడు ఉంటాడు. వాడు సగం సినిమా అయ్యేలోపు చస్తాడు, లేకపోతే చంపుతాడు. వాడు హంతకుడా కాదా అనేది గంటన్నర విచారణ. పులి గురించి ఎవరూ అడగరు.

పాత్రల ఆదాయం తెలియదని కాదు. 1995లో బీబీసీ వాళ్లు తీసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో డార్సీ గదిలోకి అడుగు పెట్టీ పెట్టకముందే ఏడాదికి 10 వేల పౌండ్లని గుసగుసలు. పెళ్లికొడుకు ప్యాకేజీ కనుక్కోవడంలో బెనెట్ గారి భార్య మా వీధిలో పెళ్లి సంబంధాలు చూసే ఆవిడకేమీ తీసిపోదు. కానీ మా వీధి ఆవిడ రెండో ప్రశ్న కూడా అడుగుతుంది: "పొలమా, వ్యాపారమా, కాంట్రాక్టులా?"

అమ్మకి ఆస్తి గొడవలు పట్టవు, ఆవిడ చూపు బట్టల మీద. పుట్టిల్లు నరసాపురం దగ్గర. దొరల ఇంట్లో టీ బల్ల మీద తెల్లటి లేసు గుడ్డ కనబడితే చాలు, టీవీ దగ్గరికి వెళ్లి కళ్లజోడు పైకి తోసి మరీ చూస్తుంది. స్కాట్లండు మిషనరీలు నేర్పిన లేసు అల్లికతో అక్కడి ఆడవాళ్లు నూరేళ్లకి పైగా చేతులు నొప్పి పుట్టేలా సంపాదించారు. ఆవిడ మేనత్తలు కూడా అల్లేవారు, గుడ్డ ఎక్కడికి పోయేదో వాళ్లకి తెలియదు, దళారీకి తెలుసు. నరసాపురం పక్కనే మాధవాయిపాలెం. ఈస్టిండియా కంపెనీ అక్కడ గిడ్డంగి పెట్టుకుని బట్ట కొనేది. ఆ ఊరి పేరు తెల్లవాళ్ల నోట్లో నలిగి 'మడపొల్లం' అయ్యి, మెత్తటి నూలుగుడ్డకి పేరుగా ఇంగ్లిష్ నిఘంటువుల్లోకి ఎక్కింది. అంటే సాక్ష్యం బల్ల మీదే పరిచి ఉంటుంది. దాని మీద కప్పు పెట్టుకుని టీ తాగుతూ డిటెక్టివ్ ఇంకేదో సాక్ష్యం కోసం భూతద్దం పెట్టి వెతుకుతూ ఉంటాడు.

కాబట్టి సంబంధిత అధికారులకి నా ప్రతిపాదన. ఇకమీదట ఇలాంటి సీరియల్ తీసేటప్పుడు ఇన్‌స్పెక్టరుతో పాటు ఒక ఆర్.ఐ.ని, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుని, కూడా పంపాలి. పేరు 'మిడ్‌సమర్ జమాబందీ' అని పెట్టుకోవచ్చు. శవాన్ని పోలీసులు చూసుకుంటారు. ఆర్.ఐ. గొలుసు లాగించి, సర్వే రాళ్లు చూసి, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ తీయించి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. హంతకుడు దొరక్కపోయినా ఫర్వాలేదు. తప్పుడు చిరునామాలకీ అడ్డుకట్ట పడుతుంది. 2015లో సిమ్లా కథ అని చెప్పి 'ఇండియన్ సమ్మర్స్' తీశారు, షూటింగ్ మలేషియాలోని పినాంగ్‌లో. ఒక సర్వే నంబరు చూపించి ఇంకో భూమి అమ్మడం అంటే ఇదే. దీనికి మన దగ్గర సెక్షన్లున్నాయి.

పోయిన జూన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లినప్పుడు నాన్నగారు ఈ పని స్వయంగా చేపట్టారు. టికెట్టు పెట్టి చూపించే పాత బంగళా ఒకటి, పేరెందుకు. స్వెటరు వేసుకుని, చేతిలో గొడుగు పట్టుకుని, బొమ్మలున్న హాల్లో నిలబడి, అక్కడ వివరాలు చెప్పే పెద్దావిడని అడిగారు, ఇది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని. ఆవిడ చాలా మర్యాదగా పద్దెనిమిదో శతాబ్దం దాకా వెళ్లి, "ఆ కుటుంబానికి విదేశాల్లో కొన్ని వ్యవహారాలు ఉండేవి" అని చెప్పి, టీ గది ఎటో చూపించింది. నాన్నగారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. ఆయన స్కోను తింటున్నప్పుడు చెల్లెలు తొంగి చూసిందట. "పార్టీ హాజరు. రికార్డు హాజరుపరచలేదు" అని ఉంది.

ఇంటికొచ్చాక 'డౌన్టన్' మళ్లీ మొదటి నుంచి పెట్టించారు. రెండో విడత చూడటం కాదు, పునర్విచారణ అన్నారు. అయిదో సీజన్లో ఒక రాత్రి ఆ ఇంటికి రేడియో వచ్చింది. దొరగారికి రేడియో అంటే గిట్టదు. కానీ వెంబ్లీలో సామ్రాజ్యపు ఎగ్జిబిషన్ తెరుస్తూ ఐదో జార్జి మాట్లాడతాడు, అది రేడియోలో వస్తుంది. అందుకని సరేనన్నాడు. పైవాళ్లూ కిందవాళ్లూ ఒక్కచోట చేరి ఆ పెట్టె వైపు చూస్తుంటే, రాజుగారి గొంతు వినబడింది. మంచి సీను. నాకు కూడా నచ్చింది.

"ఎప్పటిదిది?" అన్నారు నాన్నగారు.

ఫోన్లో చూసి చెప్పాను. 1924 ఏప్రిల్ 23.

ఆయన మన్యంలో, రాజవొమ్మంగిలోనూ అడ్డతీగలలోనూ చాలా ఏళ్లు చేశారు. వేళ్లు మడుస్తూ ఏదో లెక్క వేశారు.

"మే 7కి రెండు వారాలు" అన్నారు. "ఒక రాజుగారి మాట వినడానికి వీళ్లు రేడియో తెప్పించుకున్నారు. మన రాజుగార్ని కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చారు. ఆ వార్త వీళ్ల పేపర్లో వచ్చి ఉంటుందంటావా?"

"ఏమో నాన్నగారూ."

"వస్తే ఇస్త్రీ చేసే ఉంటారు."

అమ్మ వక్కపొడి డబ్బా మూత పెట్టేసింది. టీవీలో వంటావిడ పాట్మోర్ మొహం ఆగిపోయి ఉంది. యుద్ధంలో పిరికితనం చూపించాడని సొంత సైన్యమే కాల్చేసిన మేనల్లుడి పేరు ఊరి స్మారకం మీద చెక్కాలని ఆవిడ తాపత్రయం. నాన్నగారు రిమోట్ నా వైపు జరిపారు.

"పెట్టు. ఆ పిల్లాడి పేరు రాతి మీదకి ఎక్కుతుందో లేదో మళ్లీ చూద్దాం."