నూటికి నూరుపాళ్లు తెలుసట!

"నాకు నూటికి నూరుపాళ్లు తెలుసు" అని ఎవరైనా అంటే ఈమధ్య నాకు చిరాకేస్తోంది. ఆ నూరుపాళ్లు దేని కొలత? విషయం ఎంత తెలుసో దానితో తేలదు, నమ్మకం ఎంత మొండిదో తేలుతుంది. నేనేం తక్కువ తినలేదు లెండి. తాళం వేశానని ఒట్టేసి చెప్పిన రోజునే మా తలుపు బార్లా తెరిచి ఉంది.

నిజానికి మన భాషకు ఈ తేడా బాగా తెలుసు. "నమ్మాను, కానీ అది తప్పు" అంటాం. "నాకు తెలుసు, కానీ అది తప్పు" అని ఎవరూ అనరు. తప్పని తేలాక "తెలుసనుకున్నాను" అని సర్దుకుంటాం. తెలుసు అనాలంటే అది నిజమై తీరాలి. నమ్మకానికి ఆ బాధ లేదు.

ఉర్బేన్ లెవెరియే అని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ఒకాయన ఉండేవాడు. యురేనస్ నడక లెక్కకు అందకపోతే, కనిపించని గ్రహమేదో దాన్ని లాగుతోందని, అదెక్కడుందో కాగితం మీదే లెక్కగట్టాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాలే అనే ఖగోళ శాస్త్రవేత్త దుర్భిణి తిప్పి చూస్తే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత బుధుడి నడకలోనూ తేడా కనిపించింది. 1859లో ఆయన మళ్లీ అదే బాట పట్టాడు: సూర్యుడికి దగ్గరలో ఇంకేదో ఉండాలి. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు, చూశామన్నవాళ్లూ బయల్దేరారు. 1877లో పోయేదాకా లెవెరియే ఆ నమ్మకం వదల్లేదు. వల్కన్ లేదు. 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతంతో బుధుడి లెక్క సరిపోయింది.

మనిషి ఒకడే, పద్ధతి ఒకటే. ఆయన గుండెలో నిబ్బరం రెండుసార్లూ ఒకేలా ఉండి ఉంటుంది. తేడా అంతా ఆకాశంలో ఉంది.

దీనికి తిరగేసిన ఉదాహరణ 1966లో కాలిన్ రాడ్‌ఫర్డ్ అనే తత్వవేత్త ఇచ్చాడు. చరిత్ర ప్రశ్నలకు "ఏమో, ఊహించి చెబుతున్నా" అంటూనే సరైన జవాబులు చెప్పే మనిషి. ఎప్పుడో చదివి, చదివిన సంగతే మరిచిపోయాడు. అతనికి తెలుసంటాడు రాడ్‌ఫర్డ్. నేనూ అదే అంటాను. పరీక్ష హాల్లో టెన్షన్‌తో వణికే పిల్లలందరికీ ఏమీ తెలియదనగలమా?

"అయితే ఏదీ తెలుసుకోలేమంటావా?" అని ఎవరో ఒకరు లేస్తారు. అది ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ పెట్టిన మెలిక. సందేహానికి తావున్నదాన్నల్లా 1641లో పక్కన పెట్టుకుంటూ పోయాడు. చివరికి "నేనున్నాను" ఒక్కటీ మిగిలింది. అక్కణ్ణుంచి లోకానికి తిరిగి రావడానికి దేవుణ్ణి పిలవాల్సి వచ్చింది. జ్ఞానానికి అంత ఖరీదు కట్టమని ఆయన్ని ఎవరడిగారు?

నాకు నైయాయికుల, అంటే మన న్యాయ దర్శనం వాళ్ల మాట నచ్చుతుంది. ఒక జ్ఞానం సరైనదో కాదో ఆ జ్ఞానమే చెప్పుకోదు, బయట తేలాలి. నీళ్లనుకుని వెళ్తే దాహం తీరాలి. పరతః ప్రామాణ్యమంటే ఇదే. కానీ మరో దర్శనం వాళ్లు, మీమాంసకులు ఊరుకుంటారా? "దాహం తీరిందని నీకెలా తెలిసింది? దాన్నీ బయట తేల్చుకో, మళ్లీ దాన్నీ..." అని పట్టుకుంటారు. ఈ పోటు దగ్గర మాత్రం నేను ఎప్పుడూ తడబడతాను.