బ్యాలెట్‌లో స్కూల్ ట్రస్టీ వరుసను ఖాళీగా వదలొద్దు

కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్ (రాష్ట్రం)లో మునిసిపల్ ఎన్నికలు నాలుగేళ్లకోసారి, అక్టోబరు నాలుగో సోమవారం జరుగుతాయి. ఈ విడత తేదీ 2026 అక్టోబరు 26. గతసారి, అంటే 2022లో, ప్రావిన్స్ మొత్తంమీద ఓటేసింది దాదాపు 36 శాతం మంది. బ్రాంప్టన్‌లో నాలుగో వంతు, మిసిసాగాలో అంతకంటే తక్కువ. రెండూ తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన ఊళ్లే. ఆంధ్రా, తెలంగాణ ఫలితాల రోజు తెల్లవార్లూ కూర్చుని రౌండ్ల వారీగా మెజారిటీలు లెక్కేసే మనకు, సొంత వార్డు కౌన్సిలర్ ఎవరంటే చాలాసార్లు తెలియదు.

ఇదంతా బద్ధకమేనంటే ఒప్పుకోను. మనకు అలవాటైన ఎన్నికలో పార్టీ ఉంటుంది, గుర్తు ఉంటుంది, ఇంటి తలుపు తట్టే కార్యకర్త ఉంటాడు. ఒంటారియో మునిసిపల్ బ్యాలెట్ మీద పార్టీ ఊసే ఉండదు. మన దగ్గర మేయర్‌ని కార్పొరేటర్లు ఎన్నుకుంటే, ఇక్కడ జనమే నేరుగా ఎన్నుకోవాలి. బ్రాంప్టన్ ఓటరు మేయర్‌కీ, రీజినల్ కౌన్సిలర్‌కీ, సిటీ కౌన్సిలర్‌కీ, స్కూల్ ట్రస్టీకీ, అంటే బడులు నడిపే స్కూలు బోర్డు సభ్యుడికీ, విడివిడిగా ఓటెయ్యాలి. కనిపించేవి ఉత్త పేర్లే. మేయర్ పేరు ఎలాగోలా తెలుస్తుంది. కౌన్సిలర్ దగ్గర తడబడతాం, ఎప్పుడో బోర్డుల మీద చూసిన పేరుకు వేసేస్తాం. ట్రస్టీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది.

నిజానికి మనకు అన్నిటికంటే దగ్గరి పదవి అదే. ఇల్లు కొనేముందు, స్కూళ్లకు ఫ్రేజర్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఇచ్చే ర్యాంకు చూడని తెలుగు తల్లిదండ్రులు అరుదు. ఆ స్కూలు పరిధిలోకి మీ వీధి వస్తుందా రాదా, ఫ్రెంచ్ ఇమ్మర్షన్ (పాఠాలు ఫ్రెంచిలో చెప్పే పద్ధతి) ఏ బడిలో పెట్టాలి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడ్జెట్‌లో ఎంత కేటాయించాలి అన్నవి బోర్డులో తేలే విషయాలు. కొత్త కాలనీలు లేచిన చోట స్కూలు వెనక గ్రౌండులో వరసగా పోర్టబుల్ గదులు, అంటే తాత్కాలిక తరగతి గదులు, కనిపిస్తాయి. చలికాలంలో పిల్లలు బాత్రూముకు వెళ్లాలన్నా కోటు తగిలించుకుని ప్రధాన భవనానికి పరిగెత్తాలి. అక్కడ పక్కా భవనం కావాలని ప్రావిన్స్‌కు వెళ్లే జాబితాలో మీ పేట పైన ఉండేలా పట్టుబట్టాల్సింది ట్రస్టీయే.

ట్రస్టీ చేతిలో ఏముందిలే అనేవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. ఆస్తి పన్ను రేటును తామే నిర్ణయించుకునే అధికారం 1997 చట్టంతో బోర్డుల నుంచి ప్రావిన్స్‌కు పోయింది. అయినా 2023 మార్చిలో టొరంటో డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డు ట్రస్టీలు ఏం చేశారో చూడండి. బడుల్లో కుల వివక్ష ఉందని గుర్తిస్తూ, దాన్ని ఎదుర్కోవడానికి మానవ హక్కుల కమిషన్ సాయం కోరుతూ తీర్మానం చేశారు. కెనడాలో అలా చేసిన మొదటి స్కూలు బోర్డు అదే. ఆ తీర్మానాన్ని మీరు సమర్థించినా వ్యతిరేకించినా, మన పిల్లలను నేరుగా తాకే విషయాన్ని తేల్చింది ఈ ఖాళీ వరుసలో గెలిచిన మనుషులే.

ఇప్పుడు ఆ పదవికే గండం వచ్చింది. 2025లో విద్యామంత్రి పాల్ కలాండ్రా టొరంటో బోర్డుతో పాటు డఫరిన్-పీల్ క్యాథలిక్ బోర్డు సహా మరికొన్నిటిని ట్రస్టీల నుంచి తీసి, ప్రభుత్వం నియమించిన సూపర్‌వైజర్ల చేతిలో పెట్టారు. ఆర్థిక నిర్వహణ బాగాలేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. బ్రాంట్ హాల్డిమండ్ నార్ఫోక్ క్యాథలిక్ బోర్డు ట్రస్టీలు 2024లో కళాఖండాలు కొనడానికి ఇటలీ వెళ్లొచ్చిన సంగతి ఎవరూ సమర్థించలేరు. కానీ అలాంటివాళ్లను ఓటుతో ఇంటికి పంపాలి. పదవినే పక్కన పెడితే, తల్లిదండ్రులు ఫోన్ చేసి నిలదీయగలిగే ఎన్నికైన మనిషి మిగలడు. ఓటేసేవాళ్లు పెద్దగా లేని పదవిని తీసేసినా అడిగేవాళ్లు ఉండరని ఏ ప్రభుత్వానికైనా తెలుసు.

పర్మనెంట్ రెసిడెంట్లకు ఓటు లేదు. పౌరసత్వం వచ్చి, 18 ఏళ్లు నిండి, ఆ ఊళ్లో ఉంటే చాలు, అద్దె ఇంట్లో ఉన్నా ఓటుంటుంది. ఓటరు జాబితాలో మీ పేరు పబ్లిక్, క్యాథలిక్ వంటి బోర్డుల్లో దేని కింద ఉందో కూడా చూసుకోవాలి, ఆ బోర్డు ట్రస్టీకే మీ ఓటు. విడిగా నమోదు చేయించుకోకపోతే ఇంగ్లిష్ పబ్లిక్ బోర్డు కిందే వేస్తారు. క్యాథలిక్ తెలుగు కుటుంబాలు ఇక్కడే పొరపడుతుంటాయి.

దసరా, దీపావళి వేడుకల్లో మన సంఘాలు నాయకులను వేదికెక్కించి శాలువాలు కప్పుతాయి. ఈ ఎన్నికల ముందు ఒక్క గంట అభ్యర్థులను అదే హాల్లో కూర్చోబెట్టి, పోర్టబుళ్లు ఎప్పుడు పోతాయి, స్కూలు సరిహద్దులు మార్చేముందు మమ్మల్ని అడుగుతారా, సూపర్‌వైజర్ల పాలనపై మీ మాటేమిటి అని తల్లిదండ్రుల చేత అడిగించాలి.