దస్త్రం భద్రంగానే ఉంది

క్యాన్సర్ కణాన్ని అందరూ రౌడీ అంటారు. ఇది అన్యాయం. రౌడీ అయితే ఆఫీసునే తగలబెడతాడు. ఈ కణం చాలాసార్లు అగ్గిపుల్ల కూడా గీయదు. తనకు అడ్డొచ్చే దస్త్రాన్ని బీరువాలో పెట్టి సీలు వేస్తుంది, అంతే. ఇంత పద్ధతిగా నడిచే పరిపాలనకు ఒక శాలువా కప్పాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

పి16 జన్యువునే చూడండి. అడ్డూ అదుపూ లేకుండా చీలబోయే కణాన్ని 'ఆగు' అనడమే దాని ఉద్యోగం. ఆ నోరు మూయించడానికి జన్యువును చెరిపేయనక్కరలేదు. దాని ప్రారంభ భాగంలో సైటోసిన్ అనే డీఎన్ఏ అక్షరాల మీద మిథైల్ ముద్రలు గుద్దితే చాలు. ఒక్కో ముద్ర అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు. విచారణ సంఘం వస్తే కణం ధైర్యంగా బీరువా తెరిచి చూపిస్తుంది: "అయ్యా, చట్టంలో ఒక్క అక్షరం పోలేదు. చదవడం మాత్రమే ఆపాం." కొన్ని పెద్దపేగు క్యాన్సర్లలో ఎంఎల్‌హెచ్1కూ ఇదే గతి. అది డీఎన్ఏలో అచ్చుతప్పులు దిద్దే ప్రూఫ్ రీడరు. ప్రూఫ్ రీడరును ఇంటికి పంపిస్తే ఏమవుతుందో పత్రికలు చదివేవారికి నేను చెప్పాలా?

కణం రెండుగా చీలినప్పుడు డీఎన్‌ఎంటీ1 అనే ఎంజైము గుమాస్తా పాత డీఎన్ఏ పోగు చూసి కొత్త పోగు మీద అవే చోట్ల ముద్రలు వేస్తాడు. తరాలు మారినా సీలు మారదు.

ఇక భోజనం సంగతి. ఆక్సిజన్ నిండుగా ఉన్నా చక్కెరను సగంలో వదిలేసే ఈ అలవాటును 1920లలో జర్మనీలో ఓటో వార్‌బర్గ్ గమనించాడు. పద్ధతిగా తింటే ఒక గ్లూకోజుకు ముప్పై దాకా ఏటీపీలు, అంటే కణానికి శక్తినిచ్చే చిల్లర నాణేలు, వస్తాయి. ఈయనగారు రెండు తీసుకుని విస్తరి మడిచేసి, లాక్టిక్ ఆమ్లాన్ని పొరుగువారి పెరట్లో పారబోస్తారు. దుబారా అనకండి, మిగిలిన సరుకులో కొంత కొత్త గోడలు కట్టడానికి దారి మళ్లుతుంది. ఈ తిండికి పగ్గం వేయగల ఎఫ్‌బీపీ1 జన్యువు కొన్ని జీర్ణాశయ, కాలేయ క్యాన్సర్లలో ఏమైందంటారా? దానికీ సీలే.

కొన్ని మెదడు కణితుల్లో అయితే ముద్రలు చెరిపే ఉద్యోగుల పనే సాగదు. ఐడీహెచ్1 అనే వంటమనిషి చెడిపోయి, 2-హైడ్రాక్సీగ్లుటరేట్ అనే పదార్థాన్ని కుప్పలుగా వండుతాడు. అది వెళ్లి ముద్రలు చెరిపే ఆ ఉద్యోగుల, అంటే టెట్ ఎంజైముల, చేతులు కట్టేస్తుంది. వంటింటి నుంచి రికార్డు గదికి ఇంత చక్కటి సమన్వయం మన ఏ రెండు శాఖల మధ్య ఉందో చూపించండి.

2004లో అమెరికా అనుమతించిన అజాసిటిడిన్ అనే మందు ఈ ఆఫీసులోకి వేషం వేసుకుని వెళుతుంది. చూడటానికి అచ్చం సైటోసిన్ అక్షరమే. గుమాస్తా అలవాటుగా ముద్ర గుద్దబోతాడు. చెయ్యి అక్కడే అతుక్కుపోతుంది. మైలోడిస్‌ప్లాసియా అనే మజ్జ జబ్బులో కొందరికి ఇది మేలు చేస్తోంది. మందు ఆపితే మాత్రం కొత్త గుమాస్తా వస్తాడు. వస్తూనే లక్క వేడి చేస్తాడు.