మణికొండలో మంచుకుక్క

కుక్కతోక పట్టుకుని గోదారి ఈదలేమని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. ఇటలీ సరిహద్దు దగ్గర, 2,469 మీటర్ల ఎత్తున, గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమలో సత్రం నడిపిన స్విస్ సన్యాసులకు ఈ కబురు అందినట్టు లేదు. మంచులో చిక్కిన బాటసారులను వెతకడానికి కుక్కలనే నమ్ముకున్నారు. బారీ అనే కుక్క ఒక్కటే 40 మందికి పైగా ప్రాణాలు నిలిపిందంటారు. 1814లో పోయినా బెర్న్ మ్యూజియంలో నేటికీ నిలబడే ఉంది. పదవి వదలనివాళ్లు మన దగ్గరే ఉంటారనుకున్నాను.

ఆ కుక్కల మెడలో బాటసారుల కోసం బ్రాందీ పీపా వేలాడేదన్న కథ మాత్రం కల్పన. ఇరవై నిండని లాండ్సీర్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1820లో బొమ్మలో తగిలించాడు, లోకం నమ్మేసింది. ఈ నిజం మా వైన్‌షాపు ముందు చెబితే ఒక్కరూ హర్షించలేదు.

ఆ కనుమ పేరే పెట్టుకున్న సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్క ఒకటి మణికొండలో మా నాలుగో అంతస్తుకు వేంచేసింది. డెబ్బై కిలోలు. బారీ ఇందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. "గిది కుక్కనా సార్, దున్నదూడనా?" అన్నాడు వాచ్‌మన్. ఓనరుగారు నొచ్చుకుని దాని వంశవృక్షం కాగితాలు తెచ్చి చూపించారు. మా అపార్ట్‌మెంట్లో ముత్తాత పేరు తడుముకోకుండా చెప్పగలిగే కుటుంబం అదొక్కటే.

పందొమ్మిదో శతాబ్దంలో సన్యాసులు తమ కుక్కలకు న్యూఫౌండ్‌లాండ్ జాతితో సంకరం చేయించారు. పుట్టినవాటికి బొచ్చు పెరిగింది. ఆ బొచ్చుకు మంచు గడ్డకట్టి, బరువై, అవి పనికి పనికిరాకుండా పోతే కింద లోయలో జనానికి ఇచ్చేశారు. అంటే, ఆల్ప్స్ మంచుకే కుదరదని తేలిన బొచ్చును ఏరికోరి 42 డిగ్రీల హైదరాబాదుకు తెచ్చుకున్నాం. దీని దూరదృష్టిని శంకించేవాళ్లు అసూయాపరులు.

కుక్కగారికి రోజంతా ఏసీ, మధ్యాహ్నం పెరుగన్నం. జనరేటర్ నుంచి ఆ ఏసీకి లైను ఇవ్వాలని అసోసియేషన్ మీటింగులో తీర్మానం పెట్టారు. మూడో అంతస్తు బామ్మగారి ఆక్సిజన్ మిషన్‌కూ లైను లేదని ఎవరో గొణిగారు. చర్చ వాయిదా పడింది.

మొన్న మేలో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్లో డీజిల్ లేదు, లిఫ్టు ఆగింది. ఆయాసంతో నాలుక వేలాడేసి, చొంగ కారుస్తూ కూలబడిందా ప్రాణరక్షక వంశాంకురం. మెట్లు దిగనంది. నలుగురం దుప్పటి మీదికి లాగి, తలా ఒక మూల పట్టుకుని ఆస్పత్రికని దింపాం. రెండో అంతస్తు మలుపులో దుప్పటి జారితే, ఏది దొరికితే అది పట్టుకోండని ఓనరుగారు కేకేశారు.

నాకు తోక దొరికింది.