మహారాజశ్రీ పథకం పేరు గారికి, పైకప్పు లేని గది తరఫున

మహారాజశ్రీ పథకం పేరు గారి దివ్యసముఖానికి,

రాజాం ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాల తల్లిదండ్రుల కమిటీలో ఒకప్పుడు చెక్కుల మీద సంతకాలు పెట్టినవాణ్ణి, నమస్కరించి రాస్తున్న విన్నపం. ప్రభుత్వం మారిన ప్రతిసారీ మీకు కొత్త బట్టలు కుడతారు, షామియానా వేసి మైకు పెట్టి మీ నామకరణం జరుపుతారు కాబట్టి, మీ క్షేమం అడిగి మిమ్మల్ని చిన్నబుచ్చను. చెప్పుకోవలసింది మా క్షేమం గురించే.

మొన్న మంగళవారం పొద్దున్న పదకొండు గంటలకు ఒక కార్యాలయానికి వెళ్లి, సాయంత్రం నాలుగు దాకా బెంచీ మీద కూర్చుని, చివరికి గుమాస్తా గారి ముందు మా దరఖాస్తు పెట్టగలిగాను. ఆయన లోపల ఏముందో చదవలేదు. 'విషయం' అన్న చోట నేను రాసిన 'నాడు-నేడులో మంజూరైన అదనపు తరగతి గది' అన్న మాటల్లో మొదటిదాని మీద, అంటే పాత ప్రభుత్వం బడుల బాగుకు పెట్టిన పథకం పేరు మీద, ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీసి, ఆ పేరు ఇప్పుడు లేదనీ, 'మన బడి - మన భవిష్యత్తు' అని రాసి తెమ్మనీ సెలవిచ్చారు. వరండాలోకి వచ్చి, గోడకు ఆనించి, అలాగే తిరగరాసి తీసుకెళ్లాను. ఆయన కంప్యూటరులో వెతికి, ఆ పేరు మీద మీ బడికి గదేమీ లేదన్నారు. పాత పేరు మీద గది ఉంది గాని ఆ పేరు చెల్లదు. చెల్లే పేరు మీద గదే లేదు. నా ముఖం చూసి జాలిపడిన అటెండరు, "ఏటి సేస్తాం బాబూ, గది పాతోల్లది, పేరు కొత్తోల్లది. రొండూ కలవ్వు" అంటూ టీ గ్లాసు చేతికిచ్చాడు. ఆ రోజు ఆ కార్యాలయంలో నా పని అని జరిగింది ఆ టీ తాగడం ఒక్కటే.

తమ వంశవృక్షం నాకు తెలియనిది కాదు. 2024 జులైలో ఒక్కరోజే మీ ఇంట ఆరు నామకరణాలు జరిగాయి: అమ్మ ఒడి తల్లికి వందనమైంది, విద్యా కానుక సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది, గోరుముద్ద డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనమైంది, మిగిలిన మూడింటికీ అదే శుభం జరిగింది. అంతకుముందు అయిదేళ్లూ పుస్తకాల సంచి నుంచి వేరుశనగ చిక్కీ దాకా ముఖ్యమంత్రి పేరు లేని వస్తువు పిల్లల చేతికి వచ్చిన జ్ఞాపకం నాకు లేదు గనుక, మారిన పేర్లలో కొన్ని పెద్దలవి అయినందుకు కొంత ఊరట పొందానని నిజాయితీగా ఒప్పుకుంటాను. అయితే అన్నం పెట్టేముందు వచ్చినవారి కులగోత్రాలు అడగని తల్లిగా గోదావరి జిల్లాలు చెప్పుకునే సీతమ్మ గారు, తన పేరు రాయడం కోసం ఒక బోర్డును చెరిపారని తెలిస్తే ఏమనేవారో! మా ఇంట్లో పాత సంచి ఒకటి, కొత్త సంచి ఒకటి ఉన్నాయి. రెండింటికీ జిప్పు ఒకేచోట ఊడింది.

ఇక గది సంగతి. 2022 జూన్‌లో 117వ నంబరు జీవో వచ్చి, 3, 4, 5 తరగతుల పిల్లల్ని చిన్నబడి నుంచి ఉన్నత పాఠశాలకు తరలించినప్పుడు, నాలుగో తరగతి చదివే మా అమ్మాయి ఆ గుంపులో ఉంది. వచ్చినవాళ్లకు చోటు కావాలి గనుక గది మంజూరైంది. ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై నాలుగు అడుగుల పొడవు. పునాది తవ్విన రోజున కొబ్బరికాయ కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇసుక తోలించాం, ఇటుక దింపించాం, లింటెల్ దాకా గోడలు లేపాం. తరువాతి విడత డబ్బు ఈ నెల, వచ్చే నెల అంటూ ఉండగానే ఎన్నికలు వచ్చాయి, ఆ తరువాత మీరు మారిపోయారు. (ఈ గొడవకు ముందే, 2022 ఏప్రిల్‌లో మా రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది, మంజూరు కాగితం ఏ ఊళ్లో ఉందో వెతకడానికే మాకు కొన్ని ప్రయాణాలయ్యాయి. అది వేరే లేఖ.) 2025లో 117 జీవోను కూడా రద్దు చేశారు. ఆ తరగతులే లేనప్పుడు గది ఎందుకని అదే కార్యాలయంలో ఇంకొకరు నన్ను అడిగారు. ఆ తరగతుల పిల్లలు పెరిగి అదే బడిలో పెద్ద తరగతులకు వచ్చారనీ, పెరిగిన పిల్లలకు మరికాస్త ఎక్కువ చోటే పడుతుందనీ ఆయనకు చెప్పవలసి వచ్చింది.

ఇప్పుడు ఆ గదిలో ఏముందో మీకు తెలియాలి. గోడల మీద నుంచి పైకి లేచిన ఇనుప ఊచలు తుప్పు పట్టాయి. ఒక పిల్లవాడి చెంప గీరుకుపోయాక, హెడ్మాస్టరు గారు ఖాళీ నీళ్ల సీసాలు ఏరి తెప్పించి ఒక్కో ఊచకు ఒక్కోటి బోర్లించారు. గాలి వీస్తే అవన్నీ ఒకేసారి టకటకమంటాయి. మిగిలిపోయిన సిమెంటు బస్తాలు రెండు వానాకాలాలకు బండలయ్యాయి. పైన కాగితం ఊడిపోయినా బస్తా మడతలు, కుట్టు గుర్తులు రాతి మీద అలాగే ఉన్నాయి. మధ్యాహ్నం పిల్లలు వాటి మీద కూర్చుని అన్నం తింటారు. మా అమ్మాయి తరగతీ, ఇంకొక తరగతీ ఒకే గదిలో వీపు వీపు ఆనించుకుని కూర్చుంటాయి. ఈ వైపు లెక్కలు, ఆ వైపు హిందీ.

మీ పుట్టిల్లు శాసనసభ గదా అని అటు కూడా చూశాను. మొత్తం 175 మందిలో 2019లో ఒక పక్షానికి 151 మంది ఉంటే, 2024లో కూటమికి 164 మంది వచ్చారు. 2021 నవంబరులో అప్పటి ప్రతిపక్ష నాయకుడు ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని శపథం చేసి వెళ్లిపోయారు. ఇప్పుడేమో ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామని, ఆ 151 మంది పక్షంలో మిగిలిన 11 మంది బయటే ఉన్నారు. 2025-26లో పాఠశాల విద్యకు కేటాయించిన రూ.31,805 కోట్ల మీద 'కాదు' అనవలసినవాళ్లు సభలో లేరు, ఉన్నవాళ్లకు 'అవును' తప్ప మరో మాట అవసరం లేదు. ఇక మూజువాణి ఓటుకు ఎంతసేపు? పిల్లల్ని బడికి పంపే తల్లులకు ఏటా ఇచ్చే పదిహేను వేలలో బడి నిర్వహణకు రెండు వేలు మినహాయిస్తే, నాడు నిర్వహణ అన్నవారు నేడు కోత అంటున్నారు, నాడు కోత అన్నవారు నేడు నిర్వహణ అంటున్నారు. ఆ నాడు-నేడు మాత్రం రద్దు కాలేదు.

పేరూ, ఇక నిన్ను 'గారు' అనడం నా వల్ల కాదు. నువ్వు మారిన రోజున ఇసుక మారిందా? ఊచ పార్టీ మారిందా? నిన్ను చెరిపి ఇంకొకదాన్ని రాయడానికి పెయింటరు ఒక్క పూటలో వచ్చాడు, డబ్బు అదే రోజు దొరికింది, ఏ గుమాస్తా ఏ కాలమూ అడగలేదు. పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగుల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రాష్ట్రం ఇది. ఒక శ్లాబు కోసం మండల కేంద్రం దాకా వచ్చినవాళ్లు ఎవరు? వానొస్తే నా బిడ్డ పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని పక్క తరగతి వైపు జరిగి కూర్చుంటుంది. నీ ఫ్లెక్సీ మాత్రం తడిసినా రంగు పోదు, అంత మంచి సరుకు. ఆ ఫ్లెక్సీలు నాలుగు దొరికితే ఊచల మీద పరుచుకుంటామని హెడ్మాస్టరు గారు నవ్వుతూ అన్నారు గాని, ఆయన నవ్వలేదని నాకు తెలుసు.

క్షమించండి, మళ్లీ మర్యాదలోకి వస్తాను. నిన్న రాత్రి మూడోసారి దరఖాస్తు రాశాను. 'విషయం' దగ్గర మీకోసం ఖాళీ వదిలాను. ఇప్పుడున్న పేరైనా, తరువాత రాబోయే పేరైనా, గుమాస్తా గారి ఎర్ర పెన్నుతోనే నింపుకోవచ్చు. లోపల మాత్రం కొలతలు రాశాను: వెడల్పు 20 అడుగులు, పొడవు 24 అడుగులు, గోడలు లింటెల్ వరకు ఉన్నాయి, శ్లాబు లేదు. సోమవారం పదకొండు గంటలకు అదే బెంచీ మీద ఉంటాను.

ఇట్లు,
పాత పేరు మీద సంతకం పెట్టిన ఒక తండ్రి